ఒక్క ముద్ద ఉంచి

అన్నం ట్రేలో గరిటె నిటారుగా గుచ్చి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఎవరింట్లో పార్టీ అయినా సరే, క్యూ దాటి ముందుకెళ్లి, దాన్ని పీకి, ట్రే అంచు మీద అడ్డంగా పడుకోబెట్టి వస్తే తప్ప నాకు మనసు కుదుటపడదు. "నీకిదేం పిచ్చి?" అంటారు మా ఆయన. ఆ పిచ్చి నాకు ఎవరు అంటించారో ఆయనకీ తెలుసు.

పోయిన నెల ఒకరోజు ఉదయం పోర్ట్‌లాండ్ నుంచి ఆవిడ కూతురు మెసేజ్ పెట్టింది, అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందని. చదివి, ఏం చెయ్యాలో తోచక వంటింట్లోకి వెళ్లాను. మా ఆయన ఆఫీస్‌కి బాక్స్ కట్టుకుని, కుక్కర్ మూత తీసే ఉంచి, గరిటె అన్నంలోనే గుచ్చి వెళ్లిపోయారు. దాన్ని తీసి పక్కన పెట్టాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆవిడకి చక్కటి పేరుంది. రాయను. తన గురించి నలుగురిలో ఒక మంచి మాట అంటే చాలు, చెవుల దాకా ఎర్రబడిపోయే మనిషి. మా సంఘంలో పిల్లలకి జపాన్ ఆంటీ, పెద్దవాళ్లకి డాక్టర్ గారి భార్య. డాక్టర్ గారంటే మందులిచ్చే డాక్టర్ కాదు, కెమిస్ట్రీ డాక్టర్. నరసాపురం దగ్గర పుట్టి, చదువుకోడానికి ఒసాకా వెళ్లి, అక్కడి ల్యాబ్‌లో ఈవిణ్ణి చూసి చేసుకుని, ఆఖరికి ఇద్దరూ అమెరికా వచ్చి పిస్కాటవేలో ఇల్లు కొనుక్కున్నారు. నేను ఈ ఊరు వచ్చేసరికే ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది. అంతకు ముందు కథ ఎన్నిసార్లు అడిగినా ఆవిడ ఒకటే జవాబు చెప్పేవారు. "పెద్ద కథ అండి. అన్నం చల్లారిపోతుంది." ఆవిడ గురించి నాకు తెలిసిందంతా అన్నం దగ్గర తెలిసిందే.

మాది ఆదివారం మధ్యాహ్నం కూడుకునే తెలుగు సంఘం. ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ ఆరాధన అయ్యాక మాకు ఆ భవనం అద్దెకిస్తారు. ఆరాధన పైన, భోజనాలు కింద బేస్‌మెంట్‌లో. పైన పాస్టర్ గారు ఏలితే కింద సుగుణమ్మ గారు ఏలేవారు. బాపట్ల ఆవిడ, రిటైరైన నర్సు. చేతిలో గరిటె, నడుముకి ఏప్రన్, చూపు మాత్రం ప్లేట్ల మీద. అక్కడ రెండు నేరాలకి క్షమాపణ లేదు. ఒకటి, తక్కువ తినడం. రెండు, వదిలెయ్యడం. ప్లేట్లో అన్నం వదిలిన పిల్లల్ని మెట్ల దగ్గర పోలీసులా ఆపి, మళ్లీ కూర్చోబెట్టి తినిపించేవారు.

మా వాళ్లు ఒకరికొకరు "వందనాలు" చెప్పుకుంటారు. సగంమంది చెప్తూనే ఫోన్ చూసుకుంటారు. డాక్టర్ గారి భార్య మాత్రం రెండు చేతులూ ఒంటికి ఆనించి, నడుం దాకా వంగి, ఆ మాట పూర్తయ్యాకే లేచేవారు. మా తాతల నాటి నుంచీ అంటున్న మాటకి అంత బరువుందని ఆవిణ్ణి చూశాకే నాకు తట్టింది.

ఆవిడ తినే పద్ధతి చూస్తే మాత్రం మా ఆడవాళ్లకి ప్రాణం పోయేది. పప్పు అన్నంలో కలిపేవారు కాదు. అన్నం తెల్లగానే ఉండాలి. పప్పు ఒక పక్క, కూర ఒక పక్క, పచ్చడి గోరంత. కాస్త తెల్లన్నం, ఆ తర్వాత కాస్త కూర, మళ్లీ తెల్లన్నం, ఆ తర్వాత కాస్త పప్పు. ఒకదాన్ని పూర్తిచేసి ఇంకోదాని జోలికి వెళ్లడం ఉండదు, అన్నీ కలిసే నడవాలి, కలిసే అయిపోవాలి. చారు కాఫీ కప్పులో పోయించుకుని, రెండు చేతులా ఎత్తి, జుర్రున శబ్దం చేస్తూ తాగేవారు. మేము పిల్లలకి చప్పుడు చెయ్యకుండా తినమని ఇంట్లో పాఠాలు చెప్పి తీసుకొస్తే, ఆవిడ ఎదురుగా కూర్చుని ఆ పాఠాలన్నీ ఒక్క గుక్కలో తాగేసేవారు. అలా తాగితే నోరు కాలదట, పైగా వాసన బాగా తెలుస్తుందట. ఇంటికెళ్లి నేనూ తాగి చూశాను. నిజమే, ఇంగువ వాసన ముక్కు దాకా వచ్చింది.

చేత్తో తినడం డాక్టర్ గారు నేర్పారు. వేళ్ల చివర్లు మాత్రమే తడిసేవి. పాస్టర్ గారి ప్రార్థన అయి అందరూ ఆమేన్ అని ప్లేట్ల మీద పడితే, ఆవిడ ఇంకొక్క క్షణం ఆగి, చేతులు జోడించి, "ఇతదాకిమాసు" అని పెదవులతో అనుకుని అప్పుడు ముట్టుకునేవారు. అదేమిటని మా అమ్మాయి అడిగింది. ఆవిడ ప్లేట్లోవి ఒక్కొక్కటీ వేలితో చూపించారు. "రైస్ రైతు ఇచ్చాడు. ఫిష్ తన ప్రాణం ఇచ్చింది. సుగుణమ్మ గారు వండి ఇచ్చారు. నేను తీసుకుంటున్నాను. అంతే." మా అమ్మాయి చాలా సీరియస్‌గా, "సో ఇట్స్ లైక్ ఎ థాంక్యూ నోట్" అంది. ఆవిడ ఒప్పుకున్నారు.

అసలు గొడవ ఖాళీ ప్లేటు దగ్గర వచ్చింది. ఆవిడ తిన్న ప్లేటు కడిగినట్టుండేది. ఒక్క మెతుకు, ఒక్క ఆవగింజ కనిపించేది కాదు. వాళ్ల పద్ధతిలో అలా ఊడ్చి తినడమంటే, చాలా బాగుంది, ఇక చాలు అని చెప్పడం. మన పద్ధతిలో ఖాళీ కంచం కనిపించిందంటే వడ్డించేవాళ్లకి తలవంపులు. సుగుణమ్మ గారు పరుగున వచ్చి గరిటెడు వేసేవారు. పెట్టినది వదలకూడదు కాబట్టి ఆవిడ అదీ తినేవారు. మళ్లీ ఖాళీ. మళ్లీ గరిటెడు. ఇద్దరూ చిరునవ్వులు చిందిస్తూ, ఇద్దరూ మర్యాద కోసం ప్రాణాలకి తెగించి, వాళ్లు సంఘంలో చేరిన కొత్తలో కొన్ని ఆదివారాలు ఆ యుద్ధం చేశారు. డాక్టర్ గారు మీసాల్లో నవ్వుకుంటూ చూసేవారే గాని నోరు విప్పేవారు కాదు. ఒకసారి ఆవిడ మెట్లెక్కలేక కార్లో సీటు వెనక్కి వాల్చి పడుకున్నాక ఆయనకి జాలేసింది.

ఆ పై ఆదివారం మా అందరి ముందే పాఠం చెప్పారు. "ఆయ్, నోటితో చాలంటే మనోళ్లు నమ్మరండి. కంచం మీదకి ఇలా పడిపోవాలి," అని రెండు చేతులూ ప్లేటుకి అడ్డం పెట్టి, ఎవరో లాక్కుపోతున్నట్టు ఒంగి చూపించారు. ఆవిడ ముఖం చూడాల్సింది. పెట్టే చేతికి అడ్డం పెట్టడమా? అంత మోటుపని చెయ్యడానికి ఆవిడకి చాలా కాలం పట్టింది. చేసిన రోజు, కళ్లు గట్టిగా మూసుకుని, ప్లేటు మీదకి ఒంగిపోయి, "చాలండీ, చాలండీ, చాలండీ" అన్నారు. బేస్‌మెంటంతా చప్పట్లు. "అమ్మయ్య, ఇప్పటికి మనావిడైంది," అన్నారు సుగుణమ్మ గారు.

ఆ మాటకి ఆవిడ సంబరపడ్డారు గాని, పూర్తిగా నమ్మినట్టు లేదు. సంఘంలో పేర్లు నమోదు చేసుకునేటప్పుడు ఎవరైనా అడిగితే, డాక్టర్ గారి వైపు చూపించి, "ఆయన మెంబర్. నేను డిపెండెంట్," అనేవారు. హెచ్‌ఫోర్‌ల మీద అంటే మొగుడి వీసా ఉన్నన్నాళ్లే చెల్లే డిపెండెంట్ వీసాల మీద, ఏళ్లకేళ్లు కూర్చున్న ఆడవాళ్లం సగంమందిమి ఉన్నాం అక్కడ. పగలబడి నవ్వేవాళ్లం.

గరిటె సంగతి కూడా అప్పటిదే. ఆవిడ క్యూలో అందరికన్నా ముందు వచ్చేవారు, కానీ వడ్డించుకోడానికి కాదు. అన్నంలో గుచ్చి ఉన్న గరిటె తీసి, ట్రే అంచు మీద అడ్డంగా పడుకోబెట్టి, వెళ్లి చివర నిలబడేవారు. శుభ్రం కోసమనుకున్నాం, జపాన్ వాళ్లు కదా. సుగుణమ్మ గారికి అది నచ్చేది కాదు. అంచు మీద పెడితే జారి కింద పడుతుందని తీసి మళ్లీ గుచ్చేవారు. కాసేపటికి ఆవిడ ఏదో పనున్నట్టు అటుగా వచ్చి మళ్లీ పడుకోబెట్టేవారు. ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు. ఏళ్ల తరబడి ఆ గరిటె లేస్తూ పడుకుంటూనే ఉంది.

వాళ్లింటి వంటగదిలో రెండు రైస్ కుక్కర్లు పక్కపక్కన ఉండేవి. పెద్దదాంట్లో ఆయనకి సోనా మసూరి, చిన్నదాంట్లో ఆవిడకి ముద్దలా అతుక్కునే జపాన్ బియ్యం. పెళ్లయిన కొత్తలో ఒకరి అన్నం ఒకరు తినాలని ఇద్దరూ త్యాగాలు చేసి, ఇద్దరూ చిక్కిపోయారట. ఆ తర్వాత రెండో కుక్కర్ కొన్నారట. తమ పెళ్లి సజావుగా ఉందంటే దానివల్లే అనేవారు డాక్టర్ గారు. బల్ల మీద ఒక్కొక్కరికీ నాలుగైదు బుల్లి గిన్నెలు, ఒక్కోదాంట్లో రెండు ముక్కలు. మొదటిసారి చూసి ఇవి రుచికి పెట్టారు, అసలు భోజనం తర్వాత వస్తుందనుకుని నేను ఎదురుచూశాను. అదే భోజనం. తిని లేచేటప్పుడు పొట్టలో కాస్త చోటు మిగలాలి, అదే ఆవిడ లెక్క. డాక్టర్ గారు మాత్రం తన బుల్లి గిన్నెలన్నీ ఒకదాంట్లో బోర్లించి, టోఫూలో గోంగూర కలుపుకుని తినేవారు. ఆవిడ అప్పుడు కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన ఎర్రటి పుల్లటి పండు ఒకటి ఉంటుంది వాళ్లకి, ఉమెబోషి. తెల్లన్నం నడిమధ్య అది ఒక్కటే పెట్టుకుని తింటారు. మా ఆయన దాన్ని పెరుగన్నంలో నంజుకుని, మాగాయ మర్చిపోయినంత పని చేశారు. అప్పట్నుంచి ఆవిడ మాకు ఒక సీసా పంపేవారు, ఎప్పుడూ పూల గుడ్డలో మూటకట్టి. మూట విప్పి సీసా తీసుకుని గుడ్డ తిరిగివ్వాలి. ఖాళీ గుడ్డ ఎలా ఇస్తామని నేను అందులో ఏదో ఒకటి కట్టి పంపేదాన్ని. ఇలా ఆ గుడ్డ మా రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉండేది.

డాక్టర్ గారు గుండె ఆగి పోయారు. హాస్పిటల్‌కి వెళ్లినవారు ఇంటికి రాలేదు. మర్నాడు సాయంత్రం మేమంతా ప్రార్థనకి వాళ్లింటికి వెళ్లాం. హాల్లో చిన్న బల్ల మీద ఆయన ఫోటో, పక్కన తెల్లపూలు. ఫోటో ముందు ఆయన రోజూ తినే గిన్నె. అందులో సోనా మసూరి అన్నం కుప్పగా పోసి, నడిమధ్య ఆయన చాప్‌స్టిక్స్ రెండూ నిటారుగా గుచ్చి ఉన్నాయి.

పాట ఎత్తుకోబోయినవాళ్లం అలాగే ఆగిపోయాం. సుగుణమ్మ గారు గిన్నె వైపు చూసి, ఆవిడ వైపు చూశారు. గొంతు పెంచలేదు. నర్సులు మందు చేదుగా ఉంటుందని చెప్పేటప్పటి గొంతు అది.

"ఇదేందమ్మా? మనం పోయినోళ్లకి అన్నం పెట్టంగా. తీసెయ్యమ్మా."

ఆవిడ ఫోటో పక్కన నిలబడి ఉన్నారు. "ఆయనకి అన్నం," అన్నారు. గిన్నెని చూపించి, "నాకు ఇదే తెలుసండి," అన్నారు.

మా పాస్టర్ గారు కుర్రవాడు. ఏ వైపు మాట్లాడాలో తెలియక ముందు ప్రార్థన చేద్దామన్నారు. ఆవిడ మమ్మల్నందరినీ ఒకసారి చూశారు. తర్వాత గిన్నె రెండు చేతులా ఎత్తుకుని, ఫోటోకి తల వంచి, లోపలికి తీసుకెళ్లిపోయారు. హాల్లో ఆ చోటు ఖాళీగా కనిపించింది. మేము పాడిన పాట నాకు గుర్తులేదు.

మంచినీళ్లు తేవాలన్న వంకతో నేను వంటగదిలోకి వెళ్లాను. గిన్నె కుక్కర్ల పక్కన పెట్టి, దాని ముందు నిలబడి ఉన్నారు. చాప్‌స్టిక్స్ ఇంకా నిటారుగానే ఉన్నాయి. నా చూపు ఎక్కడుందో చూసి మెల్లగా చెప్పారు. "ఇలా నిలబెట్టేది ఒక్క సమయంలోనే అండి. మనిషి పోయినప్పుడు. మిగతా రోజులు నిలబెట్టకూడదు."

నాకు అన్నంలో గరిటె గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం, పిల్లాపాపలతో, నవ్వుతూ, మేము ఆవిడ కళ్లముందు శవం దగ్గర పెట్టే అన్నం పెడుతూ వచ్చాం. ఇది మాకు అరిష్టం అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. చెప్తే మేము నొచ్చుకుంటామని, వచ్చి చప్పుడు కాకుండా పడుకోబెట్టి వెళ్లేవారు. అలాంటి మనిషి తన భర్త కోసం నిలబెట్టుకున్న ఒక్క గిన్నెని మేము తీయించేశాం. నాకు సుగుణమ్మ గారి మీద పట్టరాని కోపం వచ్చింది. ఈవిడ మీద కూడా వచ్చింది, ఇన్నేళ్లలో ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేదని.

ఆ తర్వాత ఆవిడ ఆదివారాలు రావడం మానేశారు. ఫోన్ చేస్తే, చలిగా ఉందండి, అలసటగా ఉందండి అనేవారు. భోజనాల దగ్గర ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు. ఆవిడ కూర్చునే కుర్చీలో ఎవరూ కూర్చునేవారూ కాదు. గరిటె మాత్రం హాయిగా నిలబడి ఉండేది.

ఒక శనివారం ముద్దపప్పు, వంకాయకూర ఆ పూల గుడ్డలోనే మూటకట్టుకుని వెళ్లాను. వంటగదిలో రెండు కుక్కర్లూ వెలుగుతున్నాయి. ఫోటో ముందు పొగలు కక్కుతూ చిన్న గిన్నెలో అన్నం ఉంది, చాప్‌స్టిక్స్ లేవు. ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ ఇతదాకిమాసు అన్నారు, నేనూ అన్నాను. ఆ ఇంట్లో పెట్టే గిన్నె ఎంత ఉంటుందో తెలుసుగా, నాలుగు ముద్దల్లో ఖాళీ చేశాను. ఆకలి మీదున్నాను. ఖాళీ చేసి, మన అలవాటు కొద్దీ, వడ్డిస్తారని కూర్చున్నాను. ఆవిడ నిదానంగా తింటున్నారు. నేను ఖాళీ గిన్నె కాస్త ముందుకి జరిపాను. ఆవిడ ముచ్చటగా చూసి తలూపారు. కుక్కర్ వైపు చూశాను. ఆవిడా చూశారు. అప్పుడు అర్థమై, చేత్తో నోరు మూసుకున్నారు. డాక్టర్ గారు పోయాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

"మళ్లీ కావాలా? అయితే ఖాళీ ఎందుకు చేశారు?"

నాకు వడ్డిస్తూ చెప్పారు. వాళ్ల అమ్మ నేర్పిందట. మళ్లీ కావాలంటే గిన్నెలో ఒక్క ముద్ద ఉంచి గిన్నె చాపాలి. అంతా ఊడ్చేస్తే అయిపోయిందని అర్థం. "ఒక్క ముద్ద ఉంచితే, ఇంకా ఉంది అని. మీకూ నాకూ మధ్య తెగలేదు అని."

మరి మా దగ్గర ఇన్నేళ్లూ ఎప్పుడూ ఉంచలేదేమని అడిగాను. సుగుణమ్మ గారు వేస్ట్ చేశాననుకుంటారు కదా అన్నారు. ఇద్దరం మళ్లీ నవ్వుకున్నాం. ఆ నవ్వు చల్లారకముందే అడగాలని, రేపు వస్తారా, కార్ తీసుకొస్తాను అన్నాను.

ఆవిడ గిన్నె అంచుకి అంటిన మెతుకు ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. "ఆయన మెంబర్. నేను డిపెండెంట్ కదండి. మెంబర్ లేకపోతే డిపెండెంట్ ఎలా ఉంటుంది? ఆ రూల్ మీకు తెలుసు కదా."

నవ్వుతూనే అన్నారు. మా ఇళ్లలో ఆ రూలు తెలియని ఆడదెవరు? ఏళ్లకేళ్లు మేము నవ్విన జోకు ఆవిడకి ఎప్పుడూ జోకు కాదన్నమాట. అలాంటిదేం లేదండి అని ఏవో నాలుగు మాటలు చెప్పాను. వంగి విన్నారు. నమ్మలేదు.

కార్లో కూర్చుని, స్టార్ట్ కూడా చెయ్యకుండా సుగుణమ్మ గారికి ఫోన్ కలిపాను. తగువు పెట్టుకుందామనే కలిపాను. గరిటె సంగతి మొత్తం చెప్పేశాను, నిలబెడితే ఏమిటో, పడుకోబెట్టింది ఎందుకో. డిపెండెంట్ మాట కూడా చెప్పాను.

"అన్నేళ్లూ నేను మళ్లీ గుచ్చేదాన్ని గదమ్మా," అన్నారు. ఫోన్ పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేసిందెవరో నాకు తర్వాత తెలిసింది. ఓదార్పు లేదు, సారీ లేదు. ఇవాళ జనం ఎక్కువ, అన్నం తక్కువ పడేట్టుంది, మీ కుక్కరు పట్టుకుని తొందరగా రండి అని ఆర్డరు వేశారట సుగుణమ్మ గారు. పనికి రమ్మన్నాక ఆవిడ రాకుండా ఎలా ఉంటారు? ఏ కుక్కరో చెప్పలేదని రెండూ తెచ్చారు, రెండు గుడ్డల్లో మూటలు కట్టి. సుగుణమ్మ గారు అందరూ చూస్తుండగా అన్నంలోంచి గరిటె తీసి, ట్రే అంచు మీద అడ్డంగా పెట్టారు. జారిపడకుండా కింద ఒక పేపర్ నాప్‌కిన్ మడిచి పెట్టారు. "కూర్చోండి, వడ్డిస్తా," అన్నారు. ఆవిడ వందనాలు అని వంగారు. ఈసారి ఆ వంగడం చాలాసేపు పట్టింది.

ఫోటో ముందు గిన్నె విషయంలో సుగుణమ్మ గారు చివరిదాకా మెత్తబడలేదు. అది తప్పేనని నాతో అంటూనే ఉండేవారు. కానీ ఆ సంగతి దేవుడు చూసుకుంటాడు, అన్నం సంగతి నేను చూసుకుంటా అనేవారు. ఆ ఇద్దరి స్నేహం నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుబట్టదు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగేవారు. గుడ్డట్టులో పంచదారేందమ్మా అని ఒకరు, పచ్చడిలో ఇంత కారమా అని ఇంకొకరు మూతులు విరుచుకుంటూనే ఎవరిది వారు డబ్బాల్లో పెట్టి ఇచ్చుకునేవారు.

మోకాళ్లు బొత్తిగా మొరాయించాక కూతురు వచ్చి ఆవిణ్ణి పోర్ట్‌లాండ్ తీసుకెళ్లిపోతానంది. చివరి ఆదివారం ఆవిడకి ఇష్టమని సుగుణమ్మ గారు కొరమీను పులుసు పెట్టారు. చేప తిన్నాక ముల్లు ముల్లుగా, మెడికల్ కాలేజీలో ఎముకల బొమ్మలా, మిగిలింది ఆవిడ ప్లేట్లో. పప్పు అయిపోయింది, కూర అయిపోయింది, చారు కప్పు ఖాళీ అయింది. ప్లేటు మధ్యలో తెల్లన్నం ఒక్క ముద్ద మాత్రం ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

సుగుణమ్మ గారు కంగారుపడ్డారు. ఒంట్లో బాగాలేదా, పులుసులో ఉప్పెక్కువైందా అని నన్నడిగారు. ఆవిడ ఒక మెతుకు వదలగా ఆ హాల్లో ఎవరూ చూడలేదు మరి. నాకు మాత్రం తెలుసు. సుగుణమ్మ గారి చెవిలో చెప్పాను, ఆవిడకి వాళ్లమ్మ నేర్పిన మాట. సుగుణమ్మ గారు వెళ్లి అన్నం తెచ్చి, ఆ ముద్ద పక్కన ఇంకో ముద్ద వేశారు. ఆవిడ ఒకటి తిని, ఒకటి ఉంచారు. ఈసారి కంచానికి చేతులు అడ్డం పెట్టలేదు. చాలండీ అనలేదు. లేచి, సుగుణమ్మ గారి ఎదురుగా వంగి, "వందనాలండి" అన్నారు. సుగుణమ్మ గారికి నడుం నొప్పి. అయినా వంగారు.

ఆ తర్వాత ఫోన్లే. మాట్లాడిన ప్రతిసారీ ఇవాళ ఏం వండారని అడిగేవారు. అక్కడ కూతురింట్లో ఒకటే కుక్కర్ అని, ఒక పూట ఆ బియ్యం, ఒక పూట ఈ బియ్యం వండుతున్నానని చెప్పారు. ఇతర సంగతులు అడిగితే, పెద్ద కథ అండి, అనేవారు.

కబురు వచ్చిన వారం పాస్టర్ గారు ఆవిడ పేరు చెప్పి ప్రార్థన చేశారు. కింద ఎప్పటిలాగే భోజనాలు పెట్టాం. సుగుణమ్మ గారు ఇప్పుడు వడ్డించడం లేదు, వాకర్ పక్కన పెట్టుకుని కూర్చుంటారు. పెద్దావిడ ముందు ప్లేటు పెట్టాను, తిన్నారు. అందరూ తినడం అయ్యాక నేను నల్ల చెత్త సంచీ పట్టుకుని బల్లల మధ్య ప్లేట్లు తీసుకుంటూ వచ్చాను. సుగుణమ్మ గారి ప్లేటు శుభ్రంగా ఊడ్చి ఉంది, నడిమధ్య తెల్లన్నం ఒక్క ముద్ద తప్ప. ఎంతమంది పిల్లల్ని మెట్ల దగ్గర ఆపారో ఆ ఒక్క ముద్ద కోసం. ఒంట్లో బాగాలేదేమోనని, తీసెయ్యనా అమ్మా అని చెయ్యి చాపాను.

పెద్దావిడ రెండు చేతులూ ప్లేటుకి అడ్డం పెట్టి, దాని మీదకి ఒంగారు.

"అయిపోలేదమ్మా. ఉండనీ."

నేను సంచీ పట్టుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లాను.